అందరూ వెతికేసిన పార్కులో పాత నాణేలు: చెన్నైలో మెటల్ డిటెక్టర్ మళ్ళీ చేతపట్టేవాళ్ళకు

పదిమంది డిటెక్టర్లు తిప్పి వెళ్ళిన పార్కు గురించి ఒకటే మాట వినిపిస్తుంది: అక్కడ ఇక ఏమీ లేదు. ఆ మాట సగమే నిజం. వాళ్ళు తీసుకెళ్ళింది గట్టిగా, స్పష్టంగా మోగిన సిగ్నళ్ళను. మిగిలిపోయినవి నాలుగు రకాలు. మేకు పక్కనో, సోడా మూత కిందో పడి ఇనుము మోతలో మునిగిపోయినవి ఒక రకం. మాత్రల రేకులా పలికే తెల్లలోహపు అణాలు, బేడలు (రెండణాల బిళ్ళలు), నికెల్ పావలాలు ఇంకో రకం. పడుకోకుండా అంచు మీద నిలబడిపోయినవి మూడోది. లోతుకు దిగిపోయినవి నాలుగోది. పాత మెషీన్‌తోనే అయినా ఈ నాలుగూ దొరుకుతాయి, వినే పద్ధతి మార్చుకుంటే చాలు. కిందివన్నీ ఆ మార్పు కోసమే.

ముందు అనుమతి

అనుమతి లేకుండా పార్కు మట్టిలో స్క్రూడ్రైవర్ కూడా దించకండి. గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ పార్కు అయితే జోనల్ ఆఫీసుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో ఏ తేదీల్లో, ఏ వేళల్లో, పార్కులో ఏ మూల, ఎంత లోతు (15 సెం.మీ. మించదని రాయండి), ఏ పనిముట్లతో అన్నది స్పష్టంగా ఉండాలి. గుంట పూడ్చి పచ్చిక ఎప్పటిలా పరుస్తామని, దొరికినవాటి జాబితా ఇస్తామని కూడా రాయండి. సీలు వేయించిన ప్రతులు రెండు తీసుకోండి, ఒకటి వాచ్‌మన్ చేతికి, ఒకటి మీ సంచిలోకి. పక్క పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక మాట చెప్పి ఉంచితే, పచ్చికలో ఎవరో ఏదో పాతిపెడుతున్నారని ఫోన్ వెళ్ళినప్పుడు పని ఆగదు. దరఖాస్తు తమిళంలో ఉంటే సగం ప్రశ్నలు తగ్గుతాయి.

అనుమతి రాకపోతే వాదించకండి. స్కూలు మైదానాలు, చర్చి ఆవరణలు, మైలాపూర్, వేపేరి వైపు పాత బంగళాల తోటలు ఉన్నాయి. యజమాని సంతకం ఒక్కటి చాలు, పైగా అక్కడ తొక్కిడి తక్కువ. సెయింట్ జార్జ్ కోట లాంటి రక్షిత కట్టడాల ఛాయలకు మాత్రం డిటెక్టర్‌తో పోవద్దు. అక్కడ అనుమతి లేని తవ్వకం నేరం.

అటక మీది మెషీన్

ఏళ్ళ తరబడి పక్కన పెట్టిన డిటెక్టర్‌ను తిన్నగా పార్కుకు తీసుకెళ్ళకండి. బ్యాటరీ గది తెరవండి. లోపల మరిచిపోయిన ఆల్కలైన్ సెల్స్ కారి తెల్లటి పొడి పట్టి ఉంటే, దూదిపుల్ల మీద రెండు చుక్కలు వెనిగర్ లేదా నిమ్మరసం వేసి తుడిచి, తర్వాత స్పిరిట్‌తో ఆరబెట్టండి. కారిన సెల్ నుంచి వచ్చేది క్షారం కాబట్టి పులుపుకు లొంగుతుంది.

తర్వాత కాయిల్ (నేల మీద ఊపే గుండ్రటి పళ్ళెం) కవర్ ఊడదీయండి. కవర్‌కూ కాయిల్‌కూ మధ్య చిక్కిన ఇసుక చాలా మెషీన్లకు అసలు జబ్బు. చెన్నై ఇసుకలో నల్లటి ఇనుప రేణువులు ఉంటాయి, అవి లోపల కదులుతున్నంతసేపూ ప్రతి ఊపుకూ దొంగ కూత వస్తుంది. కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి. కాయిల్ తీగను కర్రకు గట్టిగా చుట్టండి, వదులుగా ఊగే తీగ కూడా సిగ్నల్ ఇస్తుంది.

కాయిల్ విషయంలో మాత్రం కాస్త ఖర్చు పెట్టుకోండి. చాలా మెషీన్లతో వచ్చే 11 అంగుళాల కాయిల్ ఖాళీ మైదానానికి బాగుంటుంది. చెత్త నిండిన పార్కులో దాని కిందకు ఒకేసారి మూడు నాలుగు లోహపు ముక్కలు వస్తాయి, మెషీన్ వాటన్నిటికీ కలిపి ఒక జవాబు చెబుతుంది. 6 అంగుళాల చిన్న కాయిల్ లోతు కొంత పోగొడుతుంది, బదులుగా ముక్కను ముక్క నుంచి విడదీస్తుంది. పావు అణా బిళ్ళంత (దాన్నే కానీ అంటారు) నాణెం పెద్ద కాయిల్‌కు మంచి నేలలో 20 సెం.మీ. దాకా అందితే, చిన్నదానికి 12–15 సెం.మీ. దగ్గర ఆగిపోతుంది. పార్కుల్లో చెత్త మాటున దాగిన నాణేలు ఎక్కువగా ఆ లోతులోపే ఉంటాయి కాబట్టి ఈ బేరం లాభమే.

మిగతా సామాను: పిన్‌పాయింటర్ (గుంటలో లోహం ఎక్కడుందో చూపే చిన్న చేతి పరికరం), బలమైన బొరిగె, 60 సెం.మీ. చదరపు గుడ్డ, చెత్తకు ఒకటి, నాణేలకు ఒకటి చొప్పున రెండు సంచులు, హెడ్‌ఫోన్స్, 25 మీటర్ల నైలాన్ తాడు, నాలుగు వెదురు పుల్లలు. ఇనుప మేకులతో తాడు బిగిస్తే వాటి దగ్గరే మెషీన్ అరుస్తుంది. పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతం ఒకటి కర్రకు కట్టి, దానికి ప్లాస్టిక్ కవర్ తొడిగి తెచ్చుకోండి. దాని ఉపయోగం ముందుంది.

ఇంటి దగ్గర చెవిని దిద్దుకోవడం

పాత నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర చవకగా అరిగిపోయినవి కొనండి: రాగి కానీ ఒకటి, 1943–47 నాటి చిల్లు కానీ ఒకటి, అలల అంచున్న అణా, మూలలు గుండ్రంగా ఉన్న చదరపు బేడ, పులి బొమ్మ ఉన్న 1946 లేదా 1947 నికెల్ పావలా, 1957 నయాపైస. వాటి పక్కన మాత్రల రేకు ముక్క, మందు సీసా అల్యూమినియం మూత, సోడా మూత, 2 అంగుళాల మేకు పెట్టుకోండి. ఒక్కొక్కదాన్నీ కాయిల్ ముందు 10 సెం.మీ. దూరంలో తిప్పి, మీ మెషీన్ ఏ నంబరు చూపిస్తుందో, ఏ స్వరం పలుకుతుందో కాగితం మీద రాయండి. వేరేవాళ్ళ పట్టిక నమ్మకండి. ఒక్కో కంపెనీ కొలబద్ద ఒక్కో రకం, విదేశీ పట్టికల్లో మన అణాలు బేడలు ఉండవు.

పట్టిక తయారయ్యాక ఒక సంగతి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. రాగి నాణేలు పై నంబర్లలో, పై స్వరంతో పలుకుతాయి, వెండీ అంతే. అణా, బేడ రాగిలో నికెల్ కలిపిన తెల్లలోహం కావడంతో కిందకు దిగి, రేకు ముక్కల సరసన కూర్చుంటాయి. నికెల్ పావలా ఇంకా తికమక పెడుతుంది. నికెల్ అయస్కాంతానికి అంటుకునే లోహం, దాని సిగ్నల్ ఇనుము వైపు జారి రెండు స్వరాల మధ్య తడబడుతుంది. మందు సీసా మూతేమో దర్జాగా రాగి నాణెం పక్కన పలుకుతుంది. పై స్వరాలు మాత్రమే తవ్వినవాళ్ళు మూతలు ఏరుకుని, అణాలు వదిలేసి వెళ్ళారన్నమాట.

ఇప్పుడు చెక్క మీద పరీక్ష. ఒక కానీని బల్లపరుపుగా పెట్టి, దానికి 5 సెం.మీ. పక్కన మేకును పడుకోబెట్టండి. డిడి కాయిల్ (లోపల రెండు డి ఆకారపు తీగచుట్టలున్నది) చూపు గుండ్రంగా ఉండదు. కాయిల్ ముందు కొస నుంచి వెనక కొస దాకా నడుమ గీసిన సన్నటి గీతలా, కత్తి అంచులా ఉంటుంది. కాయిల్‌ను కుడి ఎడమలకు ఊపినప్పుడు నాణెం, మేకు ఆ గీత కిందకు ఒకదాని తర్వాత ఒకటి వస్తే రెండూ విడిగా వినిపిస్తాయి: ఒక గురక, వెంటనే ఒక చిన్న కూత. మీరు పక్కకు నడిచి 90 డిగ్రీలు తిరిగి ఊపితే రెండూ ఒకేసారి గీత కిందకు వస్తాయి, అప్పుడు గురక ఒక్కటే వినిపిస్తుంది, నాణెం మాయం. అదే నాణెం, అదే మేకు, మీరు నిలబడిన చోటు మాత్రమే మారింది. ఈ పరీక్ష పది నిమిషాలు చేస్తే వెతికేసిన పార్కులో నాణేలు ఎందుకు మిగిలాయో చెవికే తెలుస్తుంది.

ఏ మూల వెతకాలి

పార్కు వయసు తెలుసుకుంటే ఏ నాణెం ఆశించాలో తెలుస్తుంది. టి. నగర్ 1920లలో ఎండగట్టిన లాంగ్ ట్యాంక్ చెరువు నేల మీద వెలిసింది. పానగల్ పార్కు లాంటి చోట విక్టోరియా నాటి కానీలు, అయిదో జార్జి అణాలు పడి ఉండే వీలుంది, ఎందుకంటే ఆ రోజుల్లో పాతవీ కొత్తవీ కలిసే చెలామణీ అయ్యేవి. అన్నా నగర్ టవర్ పార్కు 1968 వాణిజ్య ప్రదర్శన నాటిది, అక్కడ నయాపైసలు, తామరపువ్వున్న పసుపుపచ్చ 20 పైసలు సహజం.

మద్రాసు కార్పొరేషన్ 1930లో రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. సాయంత్రమైతే పార్కుల్లో లౌడ్‌స్పీకర్ చుట్టూ జనం పచ్చికలో కూర్చుని వినేవాళ్ళు. బొడ్లో దోపుకున్న చిల్లర నేల మీద కూర్చుని లేచేటప్పుడే జారేది. అందుకే పాత రేడియో గది ఏ పార్కులో ఉంటే, దానికి ఎదురుగా 10–15 మీటర్ల లోపు మొదటి గడి (తాడుతో కట్టుకుని వెతికే చదరం) వేయండి. ఇప్పుడున్న గేటును కాక పాత గేటును, ఇప్పుడున్న ఉయ్యాలలను కాక పాత ఉయ్యాలల చోటును వెతకాలి. ఈ ఆనవాళ్ళు పొద్దున్నే నడకకు వచ్చే డెబ్భై దాటిన పెద్దవాళ్ళకు తెలుసు. సుండల్ (గుగ్గిళ్ళ) బండి ఎక్కడ నిలిచేదో అడగండి, ఆ ప్రశ్నకు అందరి దగ్గరా జవాబు ఉంటుంది.

ఒక చిక్కు ఉంది. చాలా పార్కుల్లో పచ్చిక కోసం లారీల కొద్దీ ఎర్రమట్టి తెచ్చి పోశారు. పాత నేల దాని కింద 20–30 సెం.మీ. లోతున ఉండిపోయింది. బొరిగెతో ఒక మూల 15 సెం.మీ. దించి చూడండి. అడుగు దాకా ఎర్రమట్టే ఉండి, నల్లటి బంకమట్టో, ఇసుకో తగలకపోతే పోసిన మట్టి అని అర్థం. అక్కడ కష్టపడి లాభం లేదు. పాత నిద్రగన్నేరు, వేప, మర్రి మొదళ్ళ చుట్టూ మట్టి పోయరు, చెట్టు చస్తుందని. పాత గోడ పునాదుల అంచున కూడా పోయరు. అసలు నేల అక్కడ పైనే ఉంటుంది. మొదళ్ళ దగ్గర మాత్రం వేళ్ళు తెగకుండా చేత్తోనే తియ్యాలి.

కాలం కూడా చూసుకోండి. చెన్నైకి ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మట్టి తడిగా, మెత్తగా ఉంటుంది, సిగ్నల్ లోతుగా వెళ్తుంది, కోసిన పచ్చిక మళ్ళీ అతుక్కుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బంకమట్టి ఇటుకలా బిగుస్తుంది. అప్పుడు కోసిన గరిక ఎండి చచ్చిపోయి, పార్కు వాళ్ళకు గుండ్రటి పసుపు మచ్చలు కనిపిస్తాయి. ఇచ్చిన అనుమతి వెనక్కి పోయేది అప్పుడే.

మెషీన్ అమరిక

గేటు దాటగానే నాయిస్ క్యాన్సిల్ నొక్కండి. నగరంలో కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సెల్ టవర్లు మెషీన్‌ను కుదురుగా ఉండనివ్వవు. జేబులో ఫోన్ కూడా ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. తర్వాత లోహం లేని చోట కాయిల్‌ను 30 సెం.మీ. ఎత్తు నుంచి 3 సెం.మీ. దాకా పదిసార్లు కిందికీ పైకీ ఆడించి గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే ఆ నేల ఖనిజాల రొదను పట్టించుకోకుండా మెషీన్‌ను సర్దండి. తీరానికి దగ్గరి ఇసుక నేల నుంచి ఎర్రమట్టి పోసిన చోటుకు మారితే మళ్ళీ చేయాలి.

స్పీకర్ అయస్కాంతాన్ని ఒకసారి నేల మీద ఈడ్చి చూడండి. కవర్ మీద నల్ల ఇసుక మీసంలా నిలబడితే నేలలో ఇనుప ఖనిజం ఎక్కువని అర్థం, సెన్సిటివిటీ (ఎంత చిన్న సిగ్నల్‌కు పలకాలన్న అమరిక) రెండు మెట్లు దించండి. నేలే అరుస్తున్నప్పుడు సెన్సిటివిటీ పెంచితే లోతు రాదు, రొద మాత్రం పెరుగుతుంది. నిలకడగా ఉన్నంతవరకే పెంచి, కూత మొదలయ్యే చోటు నుంచి ఒక మెట్టు తగ్గించి ఆగండి.

డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాలను వినపడనివ్వని అమరిక) పూర్తిగా తీసేయండి. ఇది పాత అలవాటుకు ఎదురు. ఇనుమును మూగ చేస్తే మేకు మీదుగా వెళ్ళినంతసేపూ మెషీన్ నోరు మూసుకుంటుంది, ఆ మౌనంలోనే పక్కన ఉన్న నాణెం కూడా పోతుంది. ఇనుము వినపడనివ్వండి, కాకపోతే దాని శబ్దం తగ్గించి, స్వరం లోతుగా పెట్టుకోండి. ఈక్వినాక్స్ 800 మెషీన్ ఉన్నవాళ్ళు చెత్త ఎక్కువున్న చోట రికవరీ స్పీడ్ (ఒక సిగ్నల్ నుంచి తేరుకుని ఇంకోదాన్ని వినే వేగం) 6 లేదా 7, ఐరన్ బయాస్ ఎఫ్2 (అనుమానపు సిగ్నల్‌ను ఇనుముగా లెక్కించే మొగ్గు) సున్నా నుంచి 2 మధ్య ఉంచండి. బయాస్ తగ్గితే మేకులు అప్పుడప్పుడూ నాణెంలా నటిస్తాయి, ఎక్కువైతే మేకు పక్కనున్న అసలు నాణెం ఇనుముగా లెక్కలోకి వెళ్తుంది. రెండో తప్పు ఖరీదైనది. గ్యారెట్ ఏస్ 250 లాంటి పాత 6.5 కిలోహెర్ట్జ్ మెషీన్‌లో ఇవేవీ ఉండవు. ఆల్ మెటల్ (ఏ లోహాన్నీ మూగ చేయని మోడ్) పెట్టి, సెన్సిటివిటీ ఎనిమిది గీతల్లో అయిదో ఆరో దగ్గర ఉంచి, నెమ్మదిగా తిప్పండి. ఉప్పు తగిలే తీరపు నేలలో ఒకే ఫ్రీక్వెన్సీ మెషీన్లు కూస్తూనే ఉంటాయి. అక్కడ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలు వాడే మల్టీ ఫ్రీక్వెన్సీ మెషీన్లకు పోటీ లేదు.

గడి వేసి దున్నడం

పార్కంతా తిరగడం మానేయండి. 5 మీటర్ల చదరం ఒకటి తాడుతో కట్టి, దాన్ని మీటరు వెడల్పు సాళ్ళుగా చేసుకోండి. ముందు అయస్కాంతంతో పైపైన దువ్వండి. దీపావళి అయ్యాక మైదానాల్లో మొదటి 5 సెం.మీ. లోపల కాకరపువ్వొత్తుల తీగలే ఉంటాయి. ఒక్కో తీగా ఒక్కో నాణేన్ని కప్పేయగలదు. అయస్కాంతానికి అంటినవి కవర్ తిప్పి విదిలిస్తే రాలిపోతాయి. అలా రాలినవాటిని ఒకసారి చూసే పారేయండి. నికెల్ పావలా, అర్ధరూపాయి కూడా అయస్కాంతానికి అంటుతాయి, 1988 నుంచి వచ్చిన స్టీలు పావలాలూ అంతే.

ఇప్పుడు కాయిల్. నేలకు 2–3 సెం.మీ. ఎత్తులో, ఊపు చివర్లలో పైకి లేవకుండా, ఒక్కో ఊపుకు నాలుగు సెకన్లు. ముందటి ఊపు మీద సగం కాయిల్ ఎక్కాలి. 6 అంగుళాల కాయిల్‌తో ఒక ఊపుకు ఏడున్నర సెం.మీ. ముందుకు జరుగుతారు. 5 మీటర్ల సాలుకు దాదాపు 67 ఊపులు, నాలుగున్నర నిమిషాలు. అయిదు సాళ్ళకు 22 నిమిషాలు. తర్వాత అదే గడిని అడ్డంగా, 90 డిగ్రీలు తిరిగి మళ్ళీ మొదటి నుంచి. తవ్వకం కాక వినడానికే ముప్పావుగంట. మీకు ముందు వెతికినవాళ్ళు ఇదే చదరాన్ని రెండు నిమిషాల్లో దాటేసి ఉంటారు. మీకు మిగిలింది వాళ్ళు వదిలేసిన ఆ నిమిషాలే.

మొదటి దఫాలో పైనున్న చెత్త అంతా తీసేయండి, నాణెం కాదని తెలిసినా సరే. మూత తీసిన చోటే మళ్ళీ ఊపండి. కింద ఇంకో స్వరం బయటపడటం ఈ పనిలో తరచుగా జరిగేదే.

ఏది తవ్వాలి

రెండు దిక్కుల నుంచీ ఒకే నంబరు, ఒకే చోట పలికితే తవ్వండి, అందులో ఆలోచన అక్కర్లేదు. చిక్కంతా ఒక దిక్కున పలికి ఇంకో దిక్కున పలకని వాటితో. దాని చుట్టూ గడియారం ముల్లులా నడుస్తూ ఊపండి. ఎక్కడో ఒక కోణంలో పదిసార్లు ఊపితే ఏడెనిమిది సార్లు అదే కూత వస్తే, మిగతా కోణాల్లో గురక వచ్చినా సరే, అది మేకు పక్కన నాణెం కావచ్చు. కూత చోటు మారుతూ ఉంటే, అంటే ఒక దిక్కున ఇక్కడ, ఇంకో దిక్కున జానెడు పక్కన పలికితే అది మేకు కొస.

సోడా మూత బాగా మోసం చేస్తుంది. దాని మీద నుంచి కాయిల్‌ను కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ, ముందు అంచు మాత్రమే తగిలేలా ఊపండి. మూత అయితే స్వరం విరిగి ఇనుము గురకలోకి దిగుతుంది. రాగి నాణెం చివరిదాకా అదే స్వరంతో సన్నగిల్లుతూ ఆగిపోతుంది. కాయిల్ పైకి ఎత్తి చూసినా ఇదే తేడా: నాణెం శబ్దం తగ్గుతుంది, నంబరు నిలుస్తుంది, మూత నంబరు గెంతుతుంది.

అంచు మీద నిలబడ్డ నాణెం సన్నగా పలుకుతుంది, నంబరు అసలుకన్నా కిందకు పడుతుంది. లోతున్నది మెల్లగా, గుండ్రంగా పలికి నంబరు తేలిపోతూ ఉంటుంది. ఇలాంటి సణుగుడు సిగ్నళ్ళను వదిలేయడం వల్లే పార్కులు ఖాళీ అన్న పేరు వచ్చింది. రేకు నంబర్లలో పలికే చిన్న, గుండ్రటి, నిలకడైన సిగ్నల్‌ను కూడా తవ్వండి. ఇరవైలో పద్దెనిమిది మాత్రల రేకులే అయినా, మిగతా రెండింటి కోసమే ఇంతా. ఒక గడిలో మరీ ఎక్కువగా ఉంటే రెండో రోజుకు ఉంచుకోండి, మానేయకండి.

సాలు పొడవునా తెగకుండా సాగే సిగ్నల్ వస్తే అక్కడ బొరిగె పెట్టవద్దు. పార్కు దీపాల కేబులో, నీళ్ళ పైపో అయి ఉంటుంది.

మట్టి కోయడం

పిన్‌పాయింట్ మోడ్‌లో రెండు దిక్కుల నుంచీ చూసి నడిబొడ్డు గుర్తించండి. చుట్టూ 10 సెం.మీ. మేర మూడు వైపులే కోసి, నాలుగో వైపు తలుపు బందులా వదిలేయండి. 8–10 సెం.మీ. లోతుగా, నిలువుగా కోస్తే గరిక వేళ్ళు మట్టితో కలిసి వస్తాయి. ఏటవాలుగా కోస్తే పలచటి పొర లేచి ఎండిపోతుంది. తలుపు తెరిచి, ముందు దాని అడుగునే పిన్‌పాయింటర్‌తో చూడండి. చాలాసార్లు నాణెం అక్కడే మట్టిలో ఇరుక్కుని ఉంటుంది. వదులు మట్టి గుడ్డ మీదే పోయాలి, పచ్చికలో కాదు. నాణెం దొరికాక గుంటలో మళ్ళీ ఒకసారి చూడండి, జారిన చిల్లర ఒంటరిగా పడదు. గుడ్డ మీది మట్టి వెనక్కి పోసి, తలుపు మూసి, మడమతో నొక్కి, అరలీటరు నీళ్ళు పోయండి.

బొరిగె మొన నాణెం మీద గీత పెట్టడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ తప్పే కాదు, తొందరపడే అందరి తప్పూ. నాణెం నడిమధ్య ఉందని తేలాక బొరిగె పక్కన పెట్టి వేళ్ళతో తియ్యండి. చేతికి గ్లవ్స్ ఉండాలి, ఈ మట్టిలో గాజుపెంకులు, సూదులు మామూలే. టిటనస్ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నేళ్ళయిందో కూడా ఒకసారి చూసుకోండి.

దొరికాక

అక్కడే ఉమ్మి వేసి బొటనవేలితో రుద్దకండి. మట్టి ఇసుకలో ఉన్న గరుకు రాజు ముఖాన్ని చెరిపేస్తుంది. ఇంటికి తెచ్చాక చింతపండు వైపు చూడకండి. రాగి చెంబు మెరిసినట్టే నాణెమూ మెరుస్తుంది నిజమే, ఆ పులుపుతో వందేళ్ళ పాటు పట్టిన గోధుమరంగు పొర కూడా కరిగిపోయి, నాణెం గులాబీ రంగులో, గుంటలు పడి, విలువ లేకుండా మిగులుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి రోజూ నీళ్ళు మార్చండి, మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో నెమ్మదిగా తోయండి. తీరప్రాంతపు మట్టిలో ఉప్పు ఎక్కువ కనుక రాగి మీద లేత ఆకుపచ్చ పొడి పుట్టవచ్చు. తుడిచినా మళ్ళీ వస్తోందంటే అది లోపలి నుంచి తినేస్తోందని గుర్తు, దాన్ని మిగతావాటికి దూరంగా ఉంచి ఇంకొన్ని వారాలు నానబెట్టండి. ఆరిన నాణేలను కాగితపు కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్ళకు జిగురు వదిలి నాణెం మీద పచ్చటి మరక పెడతాయి.

అక్షరాలు అరిగిపోతే తూకమే సాక్షి. దాదాపు 25 మి.మీ. వెడల్పుండి 6.4 గ్రాములు తూగితే అది 1906కు ముందరి రాగి కానీ; అదే వెడల్పుండి 4.8 గ్రాములే ఉంటే తర్వాతి కంచు కానీ. అరుగుదలకు కాస్త తగ్గించుకుని చూడండి. వెండి రూపాయి 11.66 గ్రాములు, 30 మి.మీ. పైచిలుకు. చిల్లు కానీ 2 గ్రాములు, నయాపైస ఒకటిన్నర గ్రాము. ఇంగ్లీషులో ఎక్స్‌ఎక్స్ క్యాష్ అని ఉన్న 1803 లేదా 1808 మద్రాసు నాణెం దొరికితే అది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో అచ్చయి ఓడలో వచ్చినది. పోల్చి చూసుకోవడానికి ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం నాణేల విభాగం ఉంది.

చట్టం సంగతి మరిచిపోవద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాగి దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఉజ్జాయింపు విలువ, ఎక్కడ, ఏ రోజు. వస్తువును ప్రభుత్వ ఖజానాలో అప్పగించడమో, హామీ ఇవ్వడమో చేయాలి. చెప్పకుండా దాచుకుంటే మీ వాటా ప్రభుత్వానికి పోతుంది, ఏడాది దాకా జైలు శిక్ష కూడా పడవచ్చు. జేబులోంచి జారిన చిల్లర దాగినదా కాదా అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. నూరేళ్ళు నిండిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, దాన్ని దేశం దాటించడం, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయడం నేరం. చోళుల రాగి కాసుల్లాంటివో, ఒకేచోట గుత్తిగా నాణేలో కనిపిస్తే తవ్వడం అక్కడితో ఆపి, ఫోటో తీసి, కదపకుండా కబురు చేయండి. నాణెం ఏ లోతున, దేని పక్కన ఉందన్నదే పురావస్తు శాఖకు అసలు సమాచారం.

అందుకోసమైనా ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, గడి నంబరు, చెట్టు నుంచో గోడ నుంచో ఎన్ని మీటర్లు, లోతు, మెషీన్ చూపిన నంబరు, అమరిక. రెండు దిక్కులా వెతికి చెత్త తీసేసిన గడిని మూసినట్టు రాసి, పక్క గడికి వెళ్ళండి. ఒక మంచి వాన కురిసి రెండు రోజులు ఆరాక, మూసిన గడుల్లో ఎక్కువ ఇచ్చినదాన్ని ఈసారి 11 అంగుళాల కాయిల్‌తో, రికవరీ స్పీడ్ 4కు దించి, మూలకు మూలగా ఐమూలగా తిప్పండి. చెత్త పోయిన నేలలో లోతు సిగ్నళ్ళు అప్పుడే మొదటిసారి పలుకుతాయి.